మించదుగారు కొట్టేసిన హద్దు

మించదుగారిని టైమెంతయిందని అడిగినవాడికి టైము తెలిసేది కాదు. ఆయన మణికట్టు మీది గడియారాన్ని శ్రద్ధగా చూసి, ముల్లు కదిలేదాకా ఆగి, "పన్నెండుకు మించలేదు" అనేవారు. అప్పుడు పది కావచ్చు, తొమ్మిదిన్నర కావచ్చు. ఆయన చెప్పింది మాత్రం తప్పు కాదు. ఒకే మాట తప్పు కాకుండానూ, దేనికీ పనికిరాకుండానూ ఎలా ఉండగలదో తెలియాలంటే ఆయన పక్కబల్ల దగ్గర ఏడాది కూర్చుంటే చాలు. నేను పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను.

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా వినపడలేదు. మా పత్రికలో ఆయన పని ప్రూఫులు దిద్దడం. చేతిలో ఎర్రసిరా కలం, ముక్కు మీద కళ్లజోడు. ఆ కళ్లజోడు కుడికాడ విరిగితే తెల్లదారం చుట్టి నడిపించేవారు.

"కొత్తది ఎప్పుడు కొంటారండీ?"

"ఏడాదికి మించదు."

ఏ ఏడాదికి అని మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంటిదగ్గరా ఇదే వరస. ఓ ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరుతున్నారు. ఆయన భార్య వంటగదిలోంచి కేకేసింది.

"ఏమండీ, ఎంతసేపట్లో వస్తారు?"

"రేపటికి మించదు."

"అయితే అన్నం రేపే వండుతాను. తొందరేం లేదు, నిదానంగా రండి."

ఆయన ముప్పావుగంటలో వచ్చేశారు. అన్నమూ సిద్ధంగానే ఉంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆ మాటలకు ఓ లోపలి గడియారం తయారుచేసుకుంది. 'రేపటికి మించదు' అంటే గంటలోపు. 'గంటకు మించదు' అంటే మాత్రం అనుమానించాలట; దారిలో ఎక్కడో పాతపుస్తకాల కొట్టు ఉందన్నమాట.

వైద్యుల్లో ఆయన్ను భరించినవాడు ఒక్కడే. నడుంనొప్పి ఎన్నాళ్లనుంచి అని అడిగితే, "పుట్టినప్పట్నుంచీ అనుకున్నా యాభైయారేళ్లకు మించదు డాక్టరుగారూ" అన్నారట. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు.

"ఇవి ఎన్నాళ్లు వేసుకోవాలండీ?"

"బతికున్నన్నాళ్లకు మించి అక్కర్లేదు."

మించదుగారు ఆ వైద్యుణ్ణి మళ్లీ వదల్లేదు. ఊళ్లో లెక్క తెలిసిన డాక్టరు ఆయనొక్కడే అని నాకూ సిఫారసు చేశారు.

మా రిపోర్టర్లకు ఆయనంటే హడల్. ఒకసారి కుర్ర రిపోర్టరు ఒకడు మైదానంలో సభ చూసొచ్చి, 'ఇసుకేస్తే రాలనంత జనం, లక్షల్లో తరలివచ్చారు' అని రాశాడు. ప్రూఫు పట్టుకుని మించదుగారు అతని బల్ల దగ్గరికి నడిచొచ్చారు.

"ఇసుక వేశారా నాయనా?"

"ఆఁ?"

"ఇసుక వేస్తే రాలలేదని రాశారు కదా. వేశారా?"

"అదేంటండీ, మాటవరసకి..."

"సరే, అది వదిలేద్దాం. ఆ మైదానం నా అంగల్తో తొంభై గజాల పొడుగు, అరవై గజాల వెడల్పు. చదరపు గజంలో నలుగురు నిలబడితే అయిదోవాడు ఎవడి నెత్తిమీదో నిలబడాలి. ఇరవైరెండు వేలకు మించరు."

"మరి లక్షలో?"

"మిగిలినవాళ్లు ఎక్కడ నిలబడ్డారో మీరు చెప్పండి, వేద్దాం."

'లెక్కలేనన్ని' అన్న మాటను ఆయన మా పత్రికలోకి అడుగు పెట్టనివ్వలేదు. ఎవరైనా రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి పక్కన 'లెక్కపెట్టనన్ని' అని దిద్దేవారు. లెక్క ఎప్పుడూ ఉంటుంది, పెట్టడానికి మనకే ఓపిక లేదు, దానికి వస్తువుల్ని తప్పుపట్టడం ఎందుకని ఆయన వాదన. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమంటారు కదా, ఆ సామెతంటే ఆయనకు గౌరవం. "చూశారా, వెయ్యో అబద్ధం దగ్గర ఆపమన్నారు" అనేవారు. 'నిండు నూరేళ్లు బతుకు' అన్న దీవెన అంటే మరీ ప్రాణం. "ఆ దీవెన కట్టినవాడెవడో మహానుభావుడు. చల్లగా బతకమన్నాడు, హద్దూ పెట్టాడు."

ఎడిటరుగారిని కూడా ఆయన వదల్లేదు. ఎడిటరుగారిది పూర్తి బట్టతల. ఓరోజు అందరిమధ్యా నిలబడి, "ఈ తప్పు మళ్లీ రాకూడదని నా తలమీద వెంట్రుకలెన్నో అన్నిసార్లు చెప్పాను!" అని అరిచారు.

మించదుగారు ప్రూఫులోంచి తలెత్తి ఓసారి పరిశీలనగా చూశారు. "యాభైకి మించవు" అని మళ్లీ ప్రూఫులో పడ్డారు.

ఎడిటరుగారు ముందు ఎర్రబడ్డారు. తర్వాత తల తడిమి చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వేశారు. అది మా అదృష్టం.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ నేనే అడిగాను. "హద్దు పెడితే పెట్టండి, దగ్గర్లో పెట్టొచ్చు కదా. కోటికి మించదు, వందకోట్లకు మించదు అంటే ఎవరికి లాభం?"

ఆయన కప్పు కింద పెట్టారు. "లెక్కలశాస్త్రంలో ఓ పెద్ద ప్రశ్న ఉంది నాయనా. దాని జవాబు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఫలానా సంఖ్యకు మించదని మాత్రం రుజువైంది. ఆ ఫలానా సంఖ్య ఎంత పెద్దదంటే, దాన్ని అంకెల్లో రాయడానికి లోకంలో ఉన్న సిరా, కాగితం, చేతులు ఏవీ చాలవు. అసలు జవాబు పదమూడే కావచ్చునంటారు."

"అదేం హద్దండీ బాబూ?"

"ఎందుకు కాదూ? పోయిన తాళంచెవి ఈ వీధిలోనే పడిందని తెలిసిందనుకోండి, సగం భయం పోయినట్టే కదా. కాకపోతే ఈ వీధి కాస్త పొడుగు." కప్పు మళ్లీ అందుకున్నారు. "ఎంత పెద్దదైనా సరే, హద్దున్న దాన్ని మనిషి తట్టుకోగలడు. ఎప్పటికి తేలుతుందో తెలియనిదే మనిషిని తినేస్తుంది."

ఇలాంటి మనిషి తన ఉద్యోగ జీవితంలో ఒకే ఒక్కసారి, మరొకళ్లు పెట్టిన హద్దును స్వయంగా కొట్టేశారు.

మా పత్రికలో ఆదివారం పిల్లల పేజీ ఒకటుండేది. దాన్ని నడిపే ఆవిణ్ణి ఆఫీసంతా అక్కయ్య అనేది. పద్దెనిమిదేళ్లుగా ఆ పేజీ ఆవిడదే. కథలు తనే దిద్దేది, ముగ్గురు పిల్లలు పంపిన ఒకే కుందేలు కథను మూడు రకాలుగా మార్చి ముగ్గుర్నీ సంతోషపెట్టేది. అలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ప్రతి వస్తువునూ 'ఇది దేనికి?' అని అడిగే రకం. వచ్చిన మూడోవారంలో పిల్లల పేజీ పట్టుకుని అదే అడిగాడు.

"పిల్లలు చదువుతారండీ" అంది అక్కయ్య.

"చదువుతున్నారని నాకెలా తెలుస్తుంది? రెండు నెలల్లో వెయ్యి ఉత్తరాలు వస్తే పేజీ ఉంటుంది. రాకపోతే ఆ చోటు ప్రకటనలకిచ్చేద్దాం. మీరు చిన్న ప్రకటనల కౌంటరు చూసుకుందురుగాని."

చిన్న ప్రకటనలంటే అద్దెకు గదులు, అమ్మకానికి కుక్కపిల్లలు, తప్పిపోయిన గొడుగులు. పద్దెనిమిదేళ్లు కుందేళ్లతో గడిపిన మనిషికి అది శిక్షే. అక్కయ్య రెండురోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు ఓ పోటీ తయారుచేసింది. 'మీకు తెలిసిన అతి పెద్ద సంఖ్య రాసి పంపండి. పెద్ద సంఖ్యకు బహుమతి. పన్నెండేళ్లలోపు పిల్లలు, సొంత చేతిరాతతో, పది అంకెలకు మించకుండా.' నెలన్నర గడువు పెట్టింది.

ఆదివారం పత్రిక వచ్చింది. సోమవారం పొద్దున్నే అక్కయ్య పత్రిక చేత్తో పట్టుకుని ప్రూఫుల గదిలోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాబాయిగారూ, 'పది అంకెలకు మించకుండా' అని రాశాను. ఎక్కడ పోయింది?"

"ఎక్కడా పోలేదమ్మా. కొట్టేశాను."

"మీరా!"

నేను కలం కింద పెట్టాను. ఎదురుబల్ల దగ్గర ఇంకొకాయన కళ్లజోడు తీసేశాడు. కోడి నీళ్లలో ఈదుతోందంటే నమ్మేవాళ్లం, మించదుగారు హద్దు కొట్టేశారంటే ఎలా నమ్మేది?

"పది అంకెలు అంటే ఏం రాస్తారమ్మా? ప్రతి ఒక్కరూ పది తొమ్మిదులు రాస్తారు. అది పోటీ కాదు, చేతిరాత అభ్యాసం. వందమందికి మించి రాయరు."

"ఇప్పుడు?"

ఆయన కళ్లజోడు దారం సవరించుకున్నారు. "వెయ్యికి తగ్గవు."

పంతొమ్మిదేళ్లలో ఆయన నోట 'తగ్గవు' అన్న మాట నేను వినడం అదే మొదలు. అక్కయ్య పత్రిక మడతపెట్టుకుని నెమ్మదిగా వెళ్లిపోయింది.

మంగళవారం పదకొండు ఉత్తరాలొచ్చాయి. బుధవారం అరవై. ఆ తర్వాతి వారం తపాలా ఆయన సైకిలు మానేసి తోపుడుబండి తెచ్చాడు. మొదట్లో కార్డునిండా తొమ్మిదులే. తర్వాత చీమతలంత తొమ్మిదులు. తర్వాత కార్డు చాలక పుస్తకం పేజీలు. ఒక కొట్టాయన కొడుకు ఏకంగా సరుకు చుట్టే కాగితం చుట్టనంతా తొమ్మిదులతో నింపి పంపాడు. దాన్ని వరండాలో విప్పితే మెట్లు దిగి, మేనేజరు గది ముందునుంచి వెళ్లి, గేటు దగ్గర ఆగింది. మించదుగారు చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచారు.

"బాగా రాశాడు. నలభయ్యో గజంలో మాత్రం ఒక తొమ్మిది ఆరయింది. తలకిందులైంది."

మేనేజరు తలుపు తీసి, కాళ్లకింది తొమ్మిదుల్ని చూసి, మళ్లీ తలుపేసుకున్నాడు.

పిల్లలందరూ తొమ్మిదుల దగ్గరే ఆగలేదు. 'అనంతం' అని రాసినవాళ్లు రెండొందలమంది. మించదుగారు వాటిని వేరే కట్టగా కట్టేశారు. "ఇది సంఖ్య కాదమ్మా. లెక్కపెడుతూ పెడుతూ నిద్రపోయినవాడి సంతకం." ఒకడు 'మా అమ్మ ఇంకొక్క ముద్ద అన్నన్నిసార్లు' అని రాశాడు. 'ఈ పోటీకి వచ్చిన అన్ని సంఖ్యలకన్నా ఒకటి ఎక్కువ' అని తెలివిగా రాసినవాళ్లు పదిహేడుమంది.

"వీళ్లలో ఒకరికి ఇచ్చేద్దామా బాబాయిగారూ?"

"ఒక్కడే రాస్తే ఇచ్చేవాణ్ణే. పదిహేడుమంది రాశారు. ప్రతివాడూ మిగతా పదహారుమంది భుజాల మీదికి ఎక్కాలంటున్నాడు. కింద నిలబడేదెవరు?"

గడువు ముగిసేసరికి వచ్చినవి నాలుగువేల మూడువందల పదహారు. ఆ అంకె అక్కయ్య చెబితే నాకు తెలిసింది. మించదుగారు 'పదివేలకు మించవు' అని ఊరుకున్నారు. వెయ్యి షరతు నెగ్గింది కాబట్టి మేం మిఠాయి పంచుకుందామనుకుంటుండగా మేనేజరు మా గదికి వచ్చాడు.

"వెయ్యి అడిగాను. నాలుగువేలు తెచ్చారు. బాగానే ఉంది. ఇప్పుడు బహుమతి ఎంతమందికి?"

"ఒకరికండీ" అంది అక్కయ్య.

"అంటే మిగతా నాలుగువేల చిల్లర మందికీ ఏడుపు. వాళ్ల వెనక తల్లిదండ్రులు. 'మా పిల్లాడి సంఖ్యే పెద్దది' అని ఒక్కరంటే ఒక్కరు నా గదికి ఫిర్యాదు పట్టుకొస్తే, మర్నాడే పేజీ మూసేస్తాను. ఇసుకేస్తే రాలనంతమంది పిల్లల్ని పోగేశారు, మీరే సర్దుకోండి."

నేను మించదుగారి వంక చూశాను. ఆయన ఇసుక సంగతి ఎత్తలేదు. అంటే పరిస్థితి నిజంగా బాగాలేదన్నమాట.

అక్కయ్య కుర్చీలో కూలబడింది. "నాలుగువేల మందిలో ఒక్క ఫిర్యాదు కూడా రాకుండా ఎలా ఉంటుంది బాబాయిగారూ?"

"ఒకటికి మించదు" అన్నారాయన.

"ఆ ఒక్కటే చాలు కదండీ!" అని దాదాపు ఏడ్చినంత పని చేసింది.

ఆ నెలన్నరలో మించదుగారిలో కొన్ని మార్పులు కనిపించాయి. నేను పట్టించుకోలేదు, అది నా తప్పే. మధ్యాహ్నం భోజనానికి లేచేవారు కాదు. పెద్ద నిఘంటువు ఒకటి ఎదురుగా నిలబెట్టుకుని దాని వెనక ఏదో రాస్తుండేవారు. నడిమివేలికి ఎప్పుడూ నీలిసిరా మరకే. మా పనికి ఎర్రసిరా తప్ప అక్కర్లేదు, మరి నీలి మరక ఎక్కడిదని అడగాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు.

ఆదివారం ఫలితం వేశాం. బహుమతి ఒక కుట్టుపనావిడ కూతురికి. పదకొండేళ్లు. తొమ్మిది రాసి, దాని నెత్తిన బుజ్జి తొమ్మిది, దాని నెత్తిన ఇంకో బుజ్జి తొమ్మిది, అలా కార్డు అడుగునుంచి పైదాకా ముప్ఫై ఒక్క మెట్లు కట్టింది. మెట్లు కట్టినవాళ్లు ఇంకా నలుగురున్నారు, ఇంత ఎత్తుకు ఎవరూ పోలేదు. ఫలితం చూసి మేనేజరు మించదుగారిని పిలిపించాడు. ఆదివారం అనుబంధం ప్రూఫుల్లో నాకూ వంతుంది కాబట్టి నేనూ, అక్కయ్యా వెంట వెళ్లాం.

"ముప్ఫై ఒక్క తొమ్మిదులేనా? గేటుదాకా రాసినవాడికి ఇవ్వకుండా దీనికెలా ఇచ్చారు? జనం అడిగితే నేనేం చెప్పాలి?"

"కింది మూడు మెట్లు మాత్రం చూద్దాం సార్. తొమ్మిదిని తొమ్మిదిసార్లు వేసి హెచ్చిస్తే ముప్ఫైఎనిమిది కోట్ల చిల్లర. మళ్లీ తొమ్మిదిని అన్నిసార్లు వేసి హెచ్చించాలి. వచ్చే సంఖ్యలో అంకెలు ముప్ఫైఏడు కోట్లకు మించవు."

"మించకపోతే?"

"మన పేజీలో ఎనిమిది కాలమ్‌లు, కాలమ్‌కు వంద వరుసలు, వరుసకు పాతిక అంకెలు పడతాయి. రోజూ పన్నెండు పేజీలూ ఈ సంఖ్యే వేసుకుంటూ పోతే అయిదేళ్లకు మించదు."

"వార్తలు లేకుండానా?"

"వార్తలు లేకుండానే సార్."

మేనేజరు ఓ క్షణం ఆలోచించాడు. అయిదేళ్లు వార్తలు లేని పత్రిక ఆయనకు అంత చెడ్డగా తోచినట్టు లేదు. "ఇది మూడు మెట్లకి. మిగతా ఇరవై ఎనిమిది?"

మించదుగారు కళ్లజోడు తీసి తుడిచారు. హద్దు దొరకని సంఖ్య ఒకటి ఆయనకు ఎదురుపడడం మేం చూస్తామనుకున్నాం.

"ఆ అమ్మాయి సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేదానికి మించదు సార్" అన్నారు.

సోమవారం గడిచింది, ఫిర్యాదు లేదు. మంగళవారం లేదు. బుధవారం వచ్చింది. కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరొకాయన, ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు పేజీల ఉత్తరం. సరాసరి మేనేజరు గదికే వెళ్లాడు. మళ్లీ మమ్మల్ని పిలిచారు. అక్కయ్య దారిలోనే కుక్కపిల్లల ధర అడిగింది నన్ను.

"మా అబ్బాయి పంపినదాని ముందు ఈ మెట్లు చీమతో సమానం!" అన్నాడు లెక్చరరు. "వాడు బాణం గుర్తులు వాడాడు; బాణం మీద బాణం వేస్తే ఇలాంటి మెట్లు కోట్లకొద్దీ లేస్తాయి. అవేమిటో అర్థం కాక పక్కన పడేసి ఉంటారు. లెక్కలు తెలియనివాళ్లు లెక్కల పోటీలు పెట్టకూడదండీ!"

"అర్థమయిందండీ" అన్నారు మించదుగారు. "మెట్లకన్నా మీదే పెద్దది. అందులో సందేహం లేదు."

మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు. అక్కయ్య కళ్లు మూసుకుంది.

మించదుగారు జేబులోంచి ఆ బాణాల కార్డు తీసి బల్లమీద పెట్టారు. లెక్చరరు చేతిలోని ఉత్తరం అడిగి తీసుకుని దాని పక్కన పరిచారు. "నేను ముప్ఫై ఏళ్లుగా చేతిరాతలు చదివి బతుకుతున్నవాణ్ణి. మీ ఉత్తరం మీద తేదీలో తొమ్మిది ఉంది, చూడండి. తోక ఎడమకు తిరిగి మళ్లీ లోపలికి ముడుచుకుంది. మీ అబ్బాయి కార్డులోనూ అలాగే ముడుచుకుంది. కొడుక్కి తండ్రి పోలికలు రావడం మంచిదే. అబ్బాయికి ఎన్నేళ్లండీ?"

"పది."

"అబ్బాయి వయసు పన్నెండుకు మించలేదు. కార్డు రాసిన చేతి వయసు మాత్రం నలభైకి తగ్గదు."

లెక్చరరు రెండు కాగితాలూ చూశాడు. మెడదాకా ఎర్రబడ్డాడు. తన ఉత్తరాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఊరికే... వాడికి చూపిద్దామని రాశాను" అన్నాడు.

"మీవాడు తనంతట తాను కూడా ఒకటి పంపాడండీ. మీకు తెలియదేమో. 'వెయ్యి కోట్లు' అని. వంకర రాత, ముచ్చటైన సంఖ్య."

లెక్చరరు తలెత్తాడు. "అయితే ఆ కార్డు మీదేనా? శనివారం వాడికేదో కార్డొచ్చింది. నాకు చూపించడు. దిండుకింద పెట్టుకుని పడుకుంటున్నాడు!"

"ఏ కార్డు?" అన్నాడు మేనేజరు.

మించదుగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆయనకు తప్పించుకునే దారి లేకపోయింది. పోటీకి ఉత్తరం రాసిన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఆయన జవాబు రాశారు. నిఘంటువు వెనక కొన్ని, ఇంటిదగ్గర కొన్ని. ఎవరి సంఖ్య దేనికన్నా పెద్దదో ఎవరికి వాళ్లకు విడివిడిగా. ఫలితం పత్రికలో చూసేసరికే చేతికి కార్డు అందేలా లెక్క చూసుకుని పోస్టుచేశారు.

"అందరికీనా? ఎన్ని రాశారండీ?"

"పదివేలకు మించవు సార్."

లెక్చరరు వెళ్లిపోయాక, అక్కయ్య అడిగింది. "మరి పేజీ ఎన్నాళ్లుంటుందండీ?"

"నేనున్నన్నాళ్లకు..." అని మేనేజరు మొదలుపెట్టి, మించదుగారి వంక చూసి, జాగ్రత్తగా ముగించాడు. "తగ్గదు."

సాయంత్రం మించదుగారింటికి వెళ్తే ఆయన భార్య నన్నే కేకలేసింది. "చిరునామాలన్నీ నాచేత రాయించారు బాబూ! వేళ్లు కొయ్యలైపోయాయి. 'ఇంకా ఎన్నండీ' అంటే 'ఇవాళ్టి కట్టకు మించవు' అనడం, మర్నాడు ఇంకో కట్ట తేవడం. కొత్త కళ్లజోడు కొనుక్కోండి అని డబ్బాలో దాచి ఇచ్చినదంతా పోస్టాఫీసు పాలు చేశారు."

"కళ్లజోడు సంగతి చూస్తున్నాను" అన్నారు మించదుగారు, దారం సరిచేసుకుంటూ. "ఏడాదికి మించదు."

అక్కణ్ణుంచి మా అక్క ఇంటికి వెళ్లాను. నా మేనకోడలికి అయిదేళ్లు. పోటీకి అది కూడా కార్డు రాసిందని నాకు అప్పటిదాకా తెలియదు. దానికి తెలిసిన అతి పెద్ద సంఖ్య వంద. అదే పంపిందట. జవాబు కార్డును పలకల సంచీలోంచి తీసి, రెండు చేతుల్తో పట్టుకుని నాకు చూపించింది. నీలిసిరా, పొందికైన అక్షరాలు.

'చిరంజీవికి, నీ సంఖ్య అందింది. చాలా పెద్దది. నేను సరిచూశాను. దానికి లోబడిన సంఖ్యలు తొంభైతొమ్మిది ఉన్నాయి. ఒక్కటి కూడా ఎదురు మాట్లాడలేదు. పెద్దవాళ్లు ఎవరినైనా మనసారా దీవించాలంటే వెతికి వెతికి నీ సంఖ్యే వాడతారు. ఇంతకన్నా పెద్దది మనుషులకు అవసరం పడలేదు.'

నేను రెండోసారి చదువుతుంటే అది నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. వంటగది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"మామయ్యా, నూటొకటి కూడా ఉందంట. నిన్న స్కూల్లో చెప్పారు."

"అవునా?"

"ఆ తాతగారికి తెలీదు కాబోలు. నువ్వు చెప్పకేం. పాపం, ఎంత కష్టపడి రాశారో."